మడ్డి నడిచిన దారి

నత్తలపాలెం సముద్రానికి ఏమొచ్చిందో కనుక్కోమని ప్రభుత్వం ఒక ఆఫీసు పెట్టింది. దాని పేరు తీరజల తేలియాడు వ్యర్థ గమన విక్షేపణ పరిశీలనా మండలి. బోర్డులో పేరు పట్టకపోతే చివరి రెండు ముక్కలూ పక్కగోడ మీద రాయించారు. సముద్రం కనబడే చోట పెడితే ఉప్పుగాలికి కంప్యూటర్లు పాడైపోతాయని ఆలోచించి, ఆఫీసుని ఊరికి దూరంగా, హైవే అవతల, ఒక కల్యాణమండపం మేడ మీద పెట్టారు.

నిజానికి సముద్రానికి ఏమొచ్చిందో నత్తలపాలెంలో దోగాడే పిల్లల్ని అడిగినా వేలు పెట్టి చూపిస్తారు. దక్షిణాన ముక్కుకొండ ఉంది, కొండ కింద కంపెనీ ఉంది, కంపెనీకి నీళ్ళలోకి దిగిన లావుపాటి గొట్టం ఉంది. ఆ గొట్టం కక్కిన నల్లటి మడ్డి, దారిలో దొరికిన థర్మోకోల్ పెచ్చుల్నీ ప్లాస్టిక్ డబ్బాల్నీ కలుపుకుని, ఒడ్డు వెంబడి నడిచే నీటివాలులో ఉత్తరానికి వస్తుంది. తూర్పుగాలి తగిలిందంటే నేరుగా వచ్చి నత్తలపాలెం ఇసక మీద చతికిలబడుతుంది. అయితే ఊరికి తెలియడం వేరు, ప్రభుత్వానికి తెలియడం వేరు. ప్రభుత్వానికి తెలియాలంటే అధ్యయనం జరగాలి, అధ్యయనానికి మండలి కావాలి, మండలికి డైరెక్టరు కావాలి, డైరెక్టరుకి ఏసీ కావాలి. వీటిలో ఏసీ ముందొచ్చింది.

ఇక ఈ గొడవలోకి సూరాడ ఎర్రమ్మ ఎలా వచ్చిందో చెప్పాలి. ఎర్రమ్మకి ఒడ్డున ఎండుచేపల కళ్ళం ఉంది. అత్తగారి నాటినుంచీ ఉన్న కళ్ళం. పెళ్ళయి వచ్చిన మర్నాడే చేతికి చీపురిచ్చి ఆమెని దానిమీదకి తోలారు. నెత్తళ్ళు ఆరబొయ్యడం, తిరగెయ్యడం, కాకుల్ని తోలడం, పొద్దు వాలేసరికి పోగెయ్యడం, బుధవారం నాడు ఆటోలో వేసుకుని సంతకి పోవడం, ఆమె బతుకంతా ఆ ఇసక చెక్క చుట్టూనే తిరిగింది. మనిషి మంచిదే. నోరే కాస్త ముందు నడుస్తుంది. ఆ నోటికి జడిసి మొగుడు ఎల్లాజీ వేట లేని రోజుల్లో కూడా పడవ బాగుచేసుకునే మిషతో నీళ్ళ దగ్గరే ఉండేవాడు.

ఈ ఏడు సంతలో కొనేవాళ్ళు నెత్తళ్ళు చేతిలోకి తీసుకోవడం, వాసన చూడడం, కిందపెట్టి పక్క గంప దగ్గరకి పోవడం మొదలుపెట్టారు. కిరసనాయిలు కంపట. ఒకావిడైతే, ఇవి కూర వండుకోడానికా దీపంలో పోసుకోడానికా అని నలుగురిలో అడిగింది. ఎర్రమ్మకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు గుప్పెడు నెత్తళ్ళు కొంగున కట్టుకుని మండలి ఆఫీసుకి పోయింది.

డైరెక్టరు గారి పేరు డాక్టరు ప్రభంజనరావు. సముద్రపు గాలి పడదని రోహిణి కార్తెలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునే మనిషి. ఎర్రమ్మ ఆయన బల్ల మీద కొంగుముడి విప్పగానే ఆయన కుర్చీ దానంతటదే గోడదాకా వెనక్కి పోయింది. అయినా మర్యాద తప్పలేదు.

"అమ్మా, మీ ఆవేదన మా దృష్టికి తీసుకొనబడినది. అయితే తేలియాడు పదార్థము ఎచ్చట బయలుదేరినది, ఎటు పయనించినది, ఎచ్చట స్థిరపడినది అను అంశములు శాస్త్రీయముగా నిర్ధారణ కానిదే దానిని వ్యర్థమని పిలుచుటకు మాకు అధికారము లేదు."

"పిలవకపోతే పోన్లెండి బాబూ. ఎక్కడ్నించి వస్తందో అది ఆపీండి, సాలు. ఆ గొట్టం మూయించీండి."

గొట్టం అన్న మాట వినేసరికి డైరెక్టరు గారికి దగ్గొచ్చింది. గొట్టం అధ్యయన పరిధిలో లేదని ఆయన వివరించారు. పరిధి గొట్టం దాటాకే మొదలవుతుందట. పక్కన ఫైలు పట్టుకు నిలబడ్డ కొత్త ఇంజనీరమ్మ ప్రసూన నేల చూపులు చూసింది. ఆ పిల్లకి అది మొదటి ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. ఎర్రమ్మ నెత్తళ్ళు అక్కడే వదిలేసి వచ్చింది. ఆ గదిలో ఏసీ ఆ వాసనని చాలా రోజులు భద్రంగా దాచిపెట్టిందని తర్వాత ప్రసూనే చెప్పింది.

అధ్యయనం మొదలయింది. మడ్డి ఎటు పోతుందో తెలియాలంటే దానితోపాటు తేలుతూ పోయే వస్తువులు కావాలి. విదేశాల్లో దొరికే యంత్రాలకి మంజూరు రాలేదు. మండలి కూర్చుని, స్వదేశంలో ఏది తేలుతుందని చర్చించి, చర్చించి, కొబ్బరికాయ అని తేల్చింది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కొబ్బరికాయ ముప్పాతిక నీళ్ళలో మునిగి, కాస్త పైకి తేలుతుంది. గాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు తొయ్యలేదు, నీళ్ళెటు పోతే అటే పోతుంది. పీచు తీయని కాయలు ఒక బస్తా తెప్పించారు. దూరంనుంచి కనబడాలని వాటికి పసుప్పచ్చ రంగు వేశారు. మండలి చిహ్నం ఎర్రటి గుండ్రం కాబట్టి ఒక్కోదానిమీదా మధ్యలో ఎర్రగా గుండ్రంగా దిద్దారు. ఎక్కడుందో ఎప్పటికప్పుడు ఆఫీసు తెర మీద చూపించే చిన్న యంత్రాన్ని, ఉప్పునీటికి పాడవకుండా, రాగి గొట్టంలో పెట్టి రెండువైపులా లక్కతో మూసి, పీచులో దూర్చి దారంతో కట్టారు.

పసుపు పూసిన కొబ్బరికాయ, దానికి ఎర్రబొట్టు, లోపల రాగి తాయెత్తు. ఇది చూస్తే తెలుగువాళ్ళెవరికైనా ఏమనిపిస్తుందో మండలిలో ఒక్కరికీ అనిపించలేదు. శాస్త్రజ్ఞులు కదా. ప్రసూన పడవలో పోయి, గొట్టం దాటగానే, పరిధి మొదలైన చోట, బస్తా నీళ్ళలో గుమ్మరించి వచ్చింది. డైరెక్టరు గారు ఒడ్డున జీపులో అద్దాలు ఎత్తుకుని కూర్చుని పర్యవేక్షించారు.

నత్తలపాలెంలో ఒక అలవాటుంది. సముద్రంలోంచి కొబ్బరికాయ కొట్టుకొస్తే దాన్ని ఇసక మీద వదలరు. అది గంగమ్మది. ఒడ్డున బీరువా అంత గుడిలో ఉండే గంగమ్మ దగ్గరకి తీసుకుపోయి, మూడుసార్లు చుట్టూ తిరిగి, కొట్టి, ఇంటింటికీ ఒక ముక్క పంచాలి. గుడి తలుపు తీసేదీ ఊడ్చేదీ దీపం పెట్టేదీ ఎర్రమ్మే కాబట్టి ఈ పనీ ఆమెదే. మామూలుగా అలా వచ్చేవి పడవల మీంచి ఎవరో మొక్కుకుని విసిరినవి. సగం కుళ్ళి ఉంటాయి. అలాంటిది ఆ వేళ తెల్లారి కళ్ళానికొచ్చిన ఎర్రమ్మకి, నల్లటి మడ్డి చారికల మధ్య, పసుపూ కుంకమా పెట్టుకుని వరసగా ఒడ్డెక్కుతున్న కొబ్బరికాయలు కనబడ్డాయి.

ఆమె నోట మాట రాలేదు. అలా జరగడం అదే మొదలని తోడికోడలు చిన్నమ్మి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

"ఓలప్పా, తల్లి మన గోస సూసీసింది," అంది చిన్నమ్మి. "మడ్డికి ఇరుగుడు అంపీసింది."

పీచు వలిస్తే తాయెత్తులు బయటపడ్డాయి. ఇక అనుమానమేముంది. ఊరంతా గుడి దగ్గర చేరింది. ఎర్రమ్మ ఒక్కో కాయనీ దాని తాయెత్తుతో సహా నెత్తిన పెట్టుకుని మూడు చుట్లు తిరిగింది, కొట్టింది, ముక్కలు పంచింది. ఆ పూట ప్రతి ఇంట్లోనూ కొబ్బరి పచ్చడే. తాయెత్తులు పంచేటప్పుడు మాత్రం చిన్న యుద్ధం జరిగింది. ఒకటి ఎల్లాజీ దండచేతికి, ఒకటి చిన్నమ్మి మనవరాలి మొలతాడుకి, ఒకటి ప్రెసిడెంటు గారి పాడిగేదె మెడకి, ఇలా అర్హుల్ని బట్టి సర్దారు. ఒకటి ఎర్రమ్మ తన జబ్బకే కట్టుకుంది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. గంగమ్మ పూనుకున్నాక ఇంక గొట్టం ఎంత, కంపెనీ ఎంత.

మండలి ఆఫీసులో సంగతులు ప్రసూన తర్వాత చెప్పింది. తెర మీద ఎర్రటి చుక్కలు ముక్కుకొండ దగ్గర బయల్దేరి, ఒడ్డు వెంబడి చక్కగా ఉత్తరానికి నడిచి, నత్తలపాలెం ఇసక చేరాయి. అందరూ అక్కడితో ఆగుతాయనుకున్నారు. ఆగలేదు. ఇసక ఎక్కాయి. సందులోకి తిరిగాయి. ఒకచోట మూడుసార్లు, అదీ ప్రతిసారీ కుడివైపుగా, గుండ్రంగా తిరిగి కాసేపు నిలబడి, ఊళ్ళో ఇళ్ళన్నింటిలోకీ విడివిడిగా వెళ్ళిపోయాయి. డైరెక్టరు గారు మఫ్లరు తీసి బల్ల మీద పడేశారట. అంత ఉద్రేకం ఆయనలో ఎవరూ ఎరగరు. సముద్రంలోని చెత్త గట్టెక్కి వీధుల్లో నడుస్తుందని లోకంలో ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

కొబ్బరికాయ మెట్టెలా ఎక్కుతుంది సార్, అని ప్రసూన అడిగింది. "ప్రకృతిని ప్రశ్నించరాదు, పరిశీలించవలెను," అన్నారు ఆయన. గుడి దగ్గరి తిరుగుడుకి 'నత్తలపాలెం సుడి' అని పేరు పెట్టారు. ఇళ్ళలోకి పోవడానికి విక్షేపణమన్నారు. ఆ తర్వాత వారాల్లో వింతలు ఇంకా పెరిగాయి. ఒక చుక్క ప్రతి బుధవారం హైవే ఎక్కి సంతదాకా పోయి, పొద్దు వాలే వేళకి తిరిగొస్తోంది. ఒకటి రోజూ మధ్యాహ్నం ఊరి పక్క గెడ్డ నీళ్ళలో దిగి కదలకుండా పడుకుంటోంది. ఇంకొకటి రోజూ తెల్లారగట్ల సముద్రంలోకి పోయి మళ్ళీ ఊరు చేరుతోంది. ఈ చివరిదానికి నివేదికలో ఆయన ఒక పేజీ కేటాయించి, వ్యర్థము తన పుట్టింటిని మరువలేకున్నది అని రాశారు. గెడ్డలో పడుకునేదాని గురించి విడిగా ఒక పరిశోధనా పత్రం పంపారు. దానికి ఎక్కడో బహుమతి కూడా వచ్చింది. గేదె సంగతి ప్రెసిడెంటు గారికి తెలిసినా చెప్పేవారు కాదేమో, అంత గౌరవం.

నివేదిక సారాంశం ఏమిటంటే, మడ్డికి గొట్టంతో సంబంధం లేదు. గొట్టం దగ్గర ఒక్క చుక్కా నిలవలేదు. చెత్త ఊరి కోసమే వస్తోంది. ఊరికి ఏదో ఆకర్షణ ఉంది. కాబట్టి ఊరు అంతిమ సంచయ స్థానము. అంతిమ సంచయ స్థానమును తొలగించినచో వ్యర్థమునకు పోవుటకు చోటుండదు, గమ్యము లేనిచో గమనము లేదు. ముందుగా చెత్త కాలు మోపుతున్న ఎండుచేపల కళ్ళాన్ని, తర్వాత ఊరినీ ఖాళీ చేయించాలి. కంపెనీ వాళ్ళు డైరెక్టరు గారికి అభినందనలు తెలుపుతూ హైవే మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తహసీల్దారు మనుషులొచ్చి కళ్ళంలో వెదురు గుంజకి నోటీసు అంటించి పోయారు.

నోటీసు చదివి చెప్పడానికి ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. ప్రసూన తనే వచ్చింది. ఆ పిల్లకి నాలుగు రోజులుగా అన్నం సయించడంలేదు. ఊరికి హైవే అవతల మూడంతస్తుల ఇళ్ళు కట్టిస్తారట. మేడ మీద చేపలు ఎక్కడ ఆరబెట్టుకోను, మంచం మీదా అని ఎర్రమ్మ అడిగింది. ప్రసూన ఫోను తీసి తెర మీది చుక్కల్ని చూపించింది. ఇదిగో అమ్మా, ఈ చుక్క ఇప్పుడు మీ కళ్ళంలోనే ఉంది, కొబ్బరికాయ ఎక్కడా కనబడదేం అంది. ఎర్రమ్మ వంగి చూసింది. గుడి దాకా నడిచింది. ఫోనులో చుక్క గుడి దాకా నడిచింది. వెనక్కి వచ్చింది. అదీ వెనక్కి వచ్చింది. ఎర్రమ్మ తన జబ్బ వంక చూసుకుంది.

ముందు ఆమెకి నవ్వాగలేదు. బుధవారం సంత సంగతీ, గేదె సంగతీ విని ఇద్దరూ ఇసకలో కూలబడి నవ్వారు. నవ్వు అయిపోయాక ఎర్రమ్మ మొహం పాలిపోయింది. గంగమ్మ పంపిందనుకుని, నెత్తిన పెట్టుకుని, తన చేతుల్తోనే ఇంటింటికీ పంచింది. అంతమంది కొంపలూ తనే తీసినట్టయింది.

"మా గొయ్యి మావే తవ్వుకున్నాం గదమ్మా," అంది. అత్తగారు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

ఇద్దరూ కలిసి డైరెక్టరు గారి దగ్గరకి పోయారు. ఎర్రమ్మ జబ్బకున్న తాయెత్తు చూపించి జరిగిందంతా చెప్పింది, గేదెతో సహా. తప్పు మాదే, కాయలు మేమే మోసుకుపోయాం, చెత్త నడవలేదు, నోటీసు వెనక్కి తీసుకోండి బాబూ, అని బతిమాలింది. ఎర్రమ్మ ఒకరిని బతిమాలడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. డైరెక్టరు గారు కళ్ళు మూసుకుని విన్నారు. కళ్ళు తెరిచేసరికి వాటిలో మెరుపు కనబడింది. ఈయన మనసు కరిగిందనే ఆమె అనుకుంది.

"మానవ ప్రవాహము," అన్నారు ఆయన మెల్లగా. "ప్రసూనా, రాసుకో. నదులు వ్యర్థమును మోయును. గాలి మోయును. అటులనే మనుషులునూ మోయుదురు. ప్రవాహమునకు చేతులు ఉండరాదని ఎచ్చటనూ నిర్ధారణ కాలేదు."

ఆయన లెక్కలో ఊరి నేరం ఇప్పుడు రెట్టింపయింది. ఇదివరకు చెత్త చేరే చోటు మాత్రమే. ఇప్పుడు చెత్తని లాక్కుపోయే ప్రవాహం కూడా. ఊరిని ఇంకా తొందరగా తరలించాలని ఆయన పై అధికారులకి రాశారు.

బయటికొచ్చాక ఎర్రమ్మ ఏడవలేదు. ఒళ్ళు మండిపోయింది. ఊరికి పోయి ఇల్లిల్లూ తిరిగి తాయెత్తులన్నీ వసూలు చేసింది. ఇది కట్టుకున్నాకే వలలో నాలుగు చేపలు పడుతున్నాయని ఎల్లాజీ గొణిగాడు. ఆమె ఒక చూపు చూసింది, అతను విప్పి ఇచ్చేశాడు. అన్నీ ఒక దారానికి గుచ్చి, పడవ మీద పోయి, ముక్కుకొండ కింద గొట్టం మూతికి వేలాడగట్టి వచ్చారు. చుక్క ఉన్న చోటే చెత్త ఉన్నట్టయితే, ఇదిగో, చూసుకోండి అని.

తెర మీద చుక్కలన్నీ పోయి గొట్టం దగ్గర కూచున్నాయి. ఆ వారమంతా మండలిలో ఎవరూ తెర వంక చూడలేదు. చూసిన ప్రసూనకి, గొట్టం వద్ద బిందువులు కనబడుట శాస్త్రవిరుద్ధమని, యంత్రములకు తుప్పు పట్టి ఉండునని జవాబు దొరికింది. ఊళ్ళో తిరిగినంతకాలం యంత్రాలు బంగారం. గొట్టం దగ్గరకి పోయేసరికి తుప్పు. ఈ మాట విన్నాక ఎర్రమ్మ ఇక ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఎల్లాజీని పంపించి తాయెత్తులు ఊడదీయించి తెచ్చుకుంది. చిన్నమ్మిని పిలిచి, కనకాంబరాలు కావాలంది, బోలెడు.

ఖాళీ చేయించే ముందు ప్రజల అభిప్రాయం అడగాలని రూలుంది. వినాలని లేదు, అడగాలని ఉంది. అందుకని ఒక రోజు సభ పెట్టారు. ఊళ్ళో చదునుగా ఉన్న చోటు ఎర్రమ్మ కళ్ళం ఒక్కటే కావడంతో, తీసెయ్యబోయే కళ్ళంలోనే షామియానా వేశారు. రాజధాని నుంచి కార్యదర్శి గారు వచ్చారు. రూలులో ఉన్నదానికి సంతకం పెట్టడం, లేనిదానికి పెట్టకపోవడం తప్ప ఇంకే సరదాలూ లేని మనిషి. మధ్యాహ్నం విమానం ఉందని రాగానే వాచీ చూసుకున్నారు. వేదిక మీద పెద్ద తెర. దాని పక్కన కంప్యూటరు దగ్గర ప్రసూన.

ఊరి ఆడవాళ్ళు హారతులతో ఎదురొచ్చేసరికి అధికారులు ఆశ్చర్యపోయారు. రాళ్ళు పడతాయేమోనని పోలీసుల్ని కూడా తెచ్చుకున్నారు మరి. ఎర్రమ్మ ఒత్తైన కనకాంబరాల దండ తెచ్చి డైరెక్టరు గారి ముందు నిలబడింది. దండ కనబడితే ఆయన మెడ దానంతటదే ముందుకు వంగుతుంది, చిరకాలపు అలవాటు. మఫ్లరు మీద దండ పడింది. కాస్త బరువుగా ఉందనిపించినా, అభిమానం బరువే అనుకున్నారు.

ఆయన గంటసేపు మాట్లాడారు. మడ్డి బయల్దేరడం, సుడి తిరగడం, పుట్టింటి మమకారం అన్నీ చెప్పి, చివరగా, "ఇప్పుడు అంతిమ సంచయ స్థానమును మీరందరూ ప్రత్యక్షముగా చూడవచ్చును," అని తెర వైపు చెయ్యి చూపించారు.

తెర మీద చుక్కలన్నీ ఒక్కచోట ముద్దకట్టి, పెద్ద ఎర్రటి బొబ్బలా ఉన్నాయి. కార్యదర్శి గారు ఇంకా దగ్గరగా చూపించమన్నారు. ప్రసూన దగ్గర చేసింది. ఊరు, ఊళ్ళో కళ్ళం, కళ్ళంలో షామియానా, షామియానాలో వేదిక. డైరెక్టరు గారు ఏదో పొరపాటు ఉన్నదంటూ తెర దగ్గరకి నడిచారు. బొబ్బ నడిచింది. ఎడమకి జరిగారు. అదీ జరిగింది. ఆయన గబగబా తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. అది కూడా వచ్చి కూర్చుంది. ముందు వరసలో చిన్నమ్మి మనవరాలు చప్పట్లు కొట్టింది, ఆపైన ఊరు నవ్విన నవ్వుకి షామియానా ఊగిందని చెబుతారు.

ఎర్రమ్మ నవ్వలేదు. ముందుకొచ్చి కార్యదర్శి గారికి దణ్ణం పెట్టింది.

"బాబూ, సెత్త ఎక్కడ పోగయితే ఆ సోటు కాళీ సేయించాలని గదా మీ రూలు. సేయించండి మరి. మావు అడ్డం రాం."

నివేదికలో అలాగే ఉన్నదా అని కార్యదర్శి గారు అడిగారు. అలాగే ఉంది. యంత్రాల్లో లోపమేమైనా ఉన్నదా అని అడిగారు. డైరెక్టరు గారు నోరు తెరిచారు. ఉందంటే నివేదిక పోతుంది, సుడి పోతుంది, బహుమతి పోతుంది. మెడలో దండ వైపు చూసుకున్నారు. పూల మధ్య రాగి మెరిసింది. అప్పుడర్థమైంది ఆయనకి, అయినా ఏం లాభం.

"యంత్రములు," అన్నారు మఫ్లరు సవరించుకుని, "లోపరహితములు."

కార్యదర్శి గారు వాచీ చూసుకుని పెన్ను తీశారు. ఒక ఊరిని కదిలించాలంటే బోలెడు సంతకాలు కావాలి, ఒక అధికారిని కదిలించడానికి ఒకటి చాలు. అంతిమ సంచయ స్థానాన్ని బండమీదపల్లికి తరలించారు. సముద్రమంటే ఏమిటో బళ్ళో పుస్తకం చూసి తెలుసుకోవలసిన ఊరది. సంచయ స్థానం తొలగిపోయింది కాబట్టి నత్తలపాలెం నోటీసు చెల్లదని అదే కాగితం మీద రాశారు. తాయెత్తులు ప్రభుత్వ ఆస్తి కావడంతో డైరెక్టరు గారు వాటిని దండతో సహా తీసుకుపోయారు. చుక్కలు హైవే ఎక్కి, ఘాట్ రోడ్డెక్కి, బండమీదపల్లి చేరడం ప్రసూన తెర మీద చూసింది. ఎర్రమ్మ గుంజకున్న నోటీసు చించి పొయ్యిలో పెట్టింది.

కథ ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మడ్డికి ఈ సంగతులేవీ తెలియవు కదా. తూర్పుగాలి మళ్ళీ తగిలింది. ఒక పొద్దున్న ఎర్రమ్మ కళ్ళానికి వచ్చేసరికి అంచులదాకా నల్లగా, జిడ్డుగా, థర్మోకోల్ పెచ్చులతో పరుచుకుని ఉంది. అంతకుముందు రోజు ఆరబోసిన నెత్తళ్ళన్నీ పోయాయి. ఆమె ఎవరినీ తిట్టలేదు. బకెట్టు తెచ్చి, నీళ్ళతోపాటు మడ్డి నిండా తోడుకుని, బస్సెక్కింది. కండక్టరు ఆ మొహం చూసి బకెట్టు ఎందుకని అడగలేదు.

కొత్త డైరెక్టరు గారు కుర్రవాడు, నవ్వు మొహం. తెర చూశారు. నత్తలపాలెం సముద్రంలో ఒక్క చుక్క లేదు. ఉన్న చుక్కలన్నీ బండమీదపల్లిలో ఉన్నాయి.

"మా పరిశీలన ప్రకారము మీ తీరము సంపూర్ణముగా శుభ్రమైనది," అన్నారు. "వ్యర్థమంతయూ ప్రస్తుతము బండమీదపల్లిలో కలదు. మీ ఫిర్యాదును అచ్చట దాఖలు చేసుకొనవలెను." సముద్రం శుభ్రపడిన సందర్భంగా కంపెనీకి రెండో గొట్టం అనుమతి ఇస్తున్నామని కూడా సంతోషంగా చెప్పారు.

ఎర్రమ్మ బకెట్టు వంక చూసింది, ఆయన వంక చూసింది.

"బండమీదపల్లి దూరం గదా బాబూ. మీ సెత్త మీరే అంపీసుకోండి," అని గుమ్మంలో బకెట్టు దించి, కాలితో ఒక్క తోపు తోసింది.

కల్యాణమండపం గచ్చు కడగడానికి వీలుగా కాస్త వాలుగా వేశారు. ఆ వాలు డైరెక్టరు గారి బల్ల కిందికే ఉంది. నీళ్ళు ముందు నడిచాయి. నీళ్ళ మీద మడ్డి రంగురంగులుగా సాగింది. మడ్డి మీద థర్మోకోల్ పెచ్చులు తేలుతూ వచ్చాయి. బల్ల కాలు దగ్గర కాసేపు గుండ్రంగా తిరిగి, రెండు పాయలై, గోడవారగా పరుచుకున్నాయి. మండలి సిబ్బందంతా లేచి నిలబడి చూశారు. తేలే చెత్త నీళ్ళ మీద ఎలా నడుస్తుందో, ఎలా చెదురుతుందో ఆ ఆఫీసులో కళ్ళారా చూడడం అదే మొదలు. కొబ్బరికాయ తెమ్మంటారా సార్, అని అటెండరు అలవాటు కొద్దీ అడిగాడు.

డైరెక్టరు గారు రెండు కాళ్ళూ కుర్చీ మీదకి ఎత్తేసుకున్నారు.

"కొబ్బరికాయ ఎందుకయ్యా! ముందు అది ఎక్కణ్ణించి వస్తోందో చూసి ఆపండి!"

మెట్ల దగ్గరకి పోయిన ఎర్రమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"అదే గదా బాబూ, నాను మొదట్నించీ సెప్తున్నాది," అంది.

ప్రసూన వచ్చి ఖాళీ బకెట్టు తీసి ఆమె చేతికిచ్చింది. ఎండ ముదరకముందే కళ్ళం కడుక్కోవాలని ఎర్రమ్మ గబగబా మెట్లు దిగిపోయింది.